నడుము పట్టీ

పాల్వంచలో రాత్రి షిఫ్టు దిగినవాళ్లంతా ఎక్కేసరికి ఖమ్మం బస్సు నిండిపోయింది. కిటికీ పక్కన కునుకు తీస్తున్న శ్రావణికి ఎవరో తన కోటు అంచు లాగినట్టనిపించి మెలకువ వచ్చింది. ఎప్పుడొచ్చి కూర్చుందో, పక్క సీట్లో ఒక లంబాడీ ముసలామె. కోటుకు వేసిన అద్దాల అంచును తిరగేసి, లోపలి కుట్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది.

గుడ్డ కొనేవాళ్లు ముందు వైపు చూస్తారు, కుట్టేవాళ్లు వెనక వైపు చూస్తారు. ఈ ముక్క తెలియడానికి శ్రావణి హైదరాబాదులో నాలుగేళ్లు డిజైన్ చదివింది. పాత బట్టల మూటలు కొని, పనితనం ఉన్న భాగాన్ని కత్తిరించి, కోట్లూ సంచులూ కుట్టించడం ఇప్పుడు ఆమె వ్యాపారం.

"ఏంది అవ్వా?"

"ఇది మా యాడి కుట్టింది. మా అమ్మ."

"నీకెట్ల తెలుసు?"

"అద్దం అద్దానికి దారం తెంపకుంట పోతది మా యాడి. చూడు, ఒక్క ముడన్న ఉన్నదా?"

వెనక సీటు నుంచి ఒక కార్మికుడు తల ముందుకు పెట్టాడు. "ఓ అవ్వా, బస్సులనే ఆ పిల్ల కోటు ఇప్పుతవా ఏంది?"

"నీ అంగీ ఇప్పుత. పండుకో."

ఆమె పేరు రూప్లి. దమ్మపేట దగ్గరి తండా. ఎద్దుల వీపున ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశం తిరిగిన జనం వాళ్లు. రైళ్లూ లారీలూ వచ్చి ఆ తిరుగుడుకు గొళ్లెం పెట్టాక తండాల్లో కుదురుకున్నారు. ఇల్లు లేని రోజుల్లో ఆస్తంతా ఆడవాళ్ల ఒంటి మీదే ఉండేది. కుదురుకున్నాక అది పెట్టెలోకి పోయింది. పెట్టెలోంచి మూటలోకి, మూటలోంచి స్టీలు సామాన్లవాడి మోపెడ్ మీదికి. రూప్లి కూడా, భర్త హీరాలాల్ చనిపోయిన ఏడాది తన పేటియాను, అంటే ఆ అద్దాల లంగాను, మడిచి మూట కట్టింది. చీరకు మారి, పామాయిల్ తోటల్లో కూలికి పోయి, కొడుకు కోటేష్‌ను పాల్వంచ ప్లాంటులో కాంట్రాక్టు పని దాకా తెచ్చింది. పాతికేళ్లు ఆ మూట విప్పలేదు. విప్పకపోవడమే దాచుకోవడమని ఆమె లెక్క. విప్పనిది అక్కర్లేనిదని కోడలి లెక్క. పోయిన నెలలో మూట వెళ్లి మూతగిన్నె వచ్చింది.

ఇప్పుడు మనవరాలు జ్యోత్స్న పెళ్లి ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. వాళ్ల తండాలో ఒక వాడుక ఉంది. పెళ్లికూతురి పేటియాకు నడుము పట్టీ కుట్టేటప్పుడు, ఇంటి పెద్దామె పాత పట్టీలోంచి అరచేతంత ముక్క తీసి లోపల పెట్టి మూస్తారు. ఆ ముక్కలో అంతకు ముందుదాని ముక్క. ఎన్ని తరాలదో ఎవరూ విప్పి చూడలేదు.

"మీ మనవరాలు పేటియా కట్టుకుంటదా?" అంది శ్రావణి.

"యాడ కట్టుకుంటది. ఫోన్ల లెహెంగా తెప్పిచ్చుకున్నది. దాని పట్టీలనే పెట్టి కుడత. ఎవలకు కానరాదు." రూప్లి కోటు అంచు వదల్లేదు. "స్టీలోడు ఖమ్మంల అమ్మిన్నన్నడు. గందుకే ఎక్కిన. పైదంత నువ్వే ఉంచుకో బిడ్డా. పట్టీ ఇయ్యి చాలు."

"ఉంటది అవ్వా. నేనేదీ పారెయ్య," అంది శ్రావణి. ఆ మాట అన్నప్పుడు ఆమె దాన్ని నిజంగానే నమ్మింది.

ఖమ్మంలో శ్రావణి దుకాణం మేడ మీద. పీలికల సంచులు నాలుగూ నేల మీద కుమ్మరించారు. అంచులున్నాయి, జేబులున్నాయి, ఒంటి గవ్వలున్నాయి. పట్టీ లేదు. టైలర్ బాబూరావు మిషన్ ఆపి చూశాడు.

"నడుము పట్టీలా మేడం? చెమట వాసన, జిడ్డు. పనితనం ఉన్నది ఉంచి మిగతాది తీసెయ్యమని మీరే చెప్తిరి కదా. కింద మెకానిక్ తూడ్చుకోనికి అడిగితే ఇచ్చిన."

శ్రావణి రూప్లిని తీసుకుని కిందికి దిగింది. చెప్పింది తనే.

మెకానిక్ దూలయ్య బండి కింద నుంచి లేవకుండానే జవాబిచ్చాడు. "పెట్రోల్ గుడ్డలు ఉంచితే డేంజరమ్మా. శనివారం శనివారం కాలవెడుత. గా మూలకు రెండున్నయి, చూసుకోండ్రి."

రూప్లి రెండూ తిరగేసి చూసింది. రెండూ మిషన్ కుట్టు. నూనె అంటిన చేతులు చీరకు తుడుచుకోకుండా, దూరంగా పట్టుకుని మెట్లెక్కింది.

పైకి రాగానే శ్రావణి కోటు విప్పి కత్తెర అందుకుంది. "ఇది కూడ మీ అమ్మదే కదా అవ్వా. ఎంత గావాల్నో చెప్పు."

రూప్లి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇది మా యాడి ఒక్కదానిదే. పట్టీల ఉన్నోళ్లు దీంట్ల లేరు. కొయ్యకు బిడ్డా. ఇంకెంత కోస్తవు."

మణికట్టు మీద ఆమె వేళ్ల నల్లని గుర్తులు పడ్డాయి. బాబూరావు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, ఎక్కడం లేదు.

"మరి పెళ్లికి ఏం జేస్తవు?"

"ఏం జేస్త. మూతగిన్నె ఉన్నది కద. అక్షింతలు కలుపుతరు దాంట్ల."

శ్రావణి నవ్వబోయి ఆగింది. చాయ్ చెప్పొస్తానని బాల్కనీలోకి వెళ్లి ఎదురు కొట్టుకు కేక వేసింది. కొట్టువాడు వినలేదు, మళ్లీ వేసింది. అప్పుడు కింద, ఆటోల మధ్యలోంచి, ఒక చీర బస్టాండు వైపు పోతూ కనిపించింది.

"అవ్వా," అంది. హారన్లలో అది మెట్ల దాకా కూడా పోలేదు. లోపల స్టూలు మీద కోటు తిరగేసి మడిచి ఉంది, కుట్టు పైకి కనిపించేలా.