తాళాలక్క పద్దెనిమిదో పాస్‌వర్డ్

జ్ఞాపకశక్తి దేవుడిచ్చిన వరమని అంటుంటారు. తాళాలక్క విషయంలో దేవుడి ప్రమేయం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళు పట్టుబట్టి సంపాదించుకున్న పెత్తనం అది.

రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో ముందు కౌంటర్ ఆమెది. ఆసుపత్రులకు రిపోర్టులు పంపాలన్నా, బీమా కంపెనీల అనుమతి తేవాలన్నా, పరీక్షల కిట్లు తెప్పించాలన్నా ఒక్కోదానికి ఒక్కో వెబ్‌సైటు, ఒక్కో పాస్‌వర్డు. పదిహేడూ ఆమె తలలోనే ఉండేవి. కాగితం మీద రాసుకోవడం చేతకానివాళ్ళ పని అనేది. ఎవరికైనా కావాలంటే "అక్కా, ఒకసారి వస్తారా" అని పిలవాలి. ఆమె చేతిలో పని తీరిగ్గా ముగించుకుని వచ్చేది. కూర్చున్నవాళ్ళు లేచి గోడవైపు తిరగాలి. ల్యాబ్ యజమాని డాక్టరుగారు సైతం క్యాలెండర్‌కేసి చూస్తూ నిలబడేవారు. ఆమె టకటకా కొట్టి "ఊఁ" అన్నాక గానీ ఎవరూ తల తిప్పేవారు కాదు. రోజుకు పాతికసార్లు జరిగే ఈ తంతులో ఎవరికీ వింత కనబడలేదు. తాళాలక్క అన్న పేరు మాత్రం చాటున పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల ఇష్టం కూడా.

అప్పుడు బిల్లింగ్‌లోకి కొత్తమ్మాయి వచ్చింది. రాగానే "ఆంటీ" అని పిలిచింది. అది మొదటి నేరం. నెల తిరగకుండా డాక్టరుగారి దగ్గర పాస్‌వర్డ్ మేనేజర్ మాట ఎత్తింది. అన్నీ ఇంటర్నెట్‌లో ఒకే పెట్టెలో దాస్తుందట, ఆ పెట్టెకు ఒక్క మాస్టర్ పాస్‌వర్డు గుర్తుంటే చాలట. డాక్టరుగారికి మెడ నొప్పి. గోడవైపు తిరిగే బాధ తప్పుతుందని వెంటనే సరేనన్నారు.

పదిహేడూ చెప్పి ఎక్కించడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఒక్కటి చెప్పగానే దాని పక్కన తెరమీద ఎర్రగా 'బలహీనం' అని పడేది. అమ్మాయి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. సాయంత్రానికల్లా పాతవన్నీ పోయి, మనిషన్నవాడికి గుర్తుండని ఇరవై అక్షరాల పిచ్చిగీతలు వచ్చాయి.

ఆ మర్నాటి నుంచి ఆమెను ఎవరూ పిలవలేదు. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. నిన్నటిదాకా తన చుట్టూ తిరిగిన, ఇళ్ళనుంచి శాంపిల్స్ తెచ్చే కుర్రాడు ఇప్పుడు బిల్లింగ్ బల్లకు ఆనుకుని కబుర్లు చెబుతున్నాడు. ఇంట్లో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, పని తగ్గిందిగా సంతోషించమన్నాడు భర్త. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మొదటి వారమంతా అమ్మాయి రోజూ పొద్దున్నే అందరి కంప్యూటర్లలోనూ పెట్టె తెరవడానికి మాస్టర్ పాస్‌వర్డు కొట్టేది. ఎవరినీ తిరగమనేది కాదు. తాళాలక్క ఫైలు పట్టుకుని వెనక నిలబడేది. కళ్ళు ఫైలు మీద లేవని వేరే చెప్పనక్కర్లేదు. వారంలో పద్దెనిమిదోది కూడా తలకెక్కింది. దాంతో ఆమె ఏమీ చేయలేదు. పక్కింటావిడ నగలు ఏ అరలో ఉన్నాయో తెలిసినంత తృప్తి, అంతే. తర్వాత అమ్మాయి ఫోన్ మీద వేలు పెట్టి తెరవడం మొదలుపెట్టింది. కొట్టడం మానేసింది.

మూడు నెలలకు ఆ ఫోన్ నీళ్ళలో పడింది.

కొత్త ఫోన్ మాస్టర్ పాస్‌వర్డు అడిగింది. అమ్మాయి కొట్టింది. తప్పు. మళ్ళీ కొట్టింది. తప్పు. ఆ పాస్‌వర్డులోని ఇంగ్లీషు మాటలు నాలుగూ గుర్తున్నాయి. ఏ అక్షరం పెద్దది, చివర ఏ అంకె అన్నవి పోయాయి. మర్చిపోతే మేమూ ఏమీ చేయలేమని ఆ కంపెనీ ముందే చేతులెత్తేసింది. మిగతావి ఈమెయిల్ ద్వారా మార్చుకుందామంటే ఆ ఈమెయిల్ పాస్‌వర్డూ పెట్టెలోనే ఉంది. పదకొండింటికి ఆపరేషన్ ఉన్న రోగి రిపోర్టు ఇంకా ఆసుపత్రికి చేరలేదు. శాంపిల్స్ కుర్రాడిని కాగితాలతో బండి మీద పంపారు.

డాక్టరుగారు అమ్మాయిని అందరి ముందూ కడిగేశారు. తాళాలక్క అరగంటసేపు రసీదులు సర్దుతూ విన్నది. అవి ఉదయమే సర్దినవి. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటుంటే జాలి కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, కలగలేదు.

అప్పుడు డాక్టరుగారు అన్నారు: "ఎదురుగా స్కానింగ్ సెంటర్‌లో ఒకావిడ ఉందట. ఇలాంటివన్నీ ఆవిడకే తెలుసట. ఎవరైనా వెళ్ళి పిలుచుకురండి."

ఆవిడకే తెలుసట! తాళాలక్క చేతిలో రసీదులు బల్లమీద పెట్టేసింది.

"ఎవరూ అక్కర్లేదు. అమ్మాయ్, రెండో మాటలో మొదటి అక్షరం పెద్దది. చివర నువ్వు కొడుతున్న ఎనిమిది కాదు, మూడు."

అమ్మాయి కొట్టింది. పెట్టె తెరుచుకుంది.

"మీకెలా తెలుసమ్మా?" అన్నారు డాక్టరుగారు నెమ్మదిగా.

"కళ్ళున్నాయి కదండీ."

రిపోర్టులు వెళ్ళాయి. అమ్మాయి వచ్చి "థాంక్స్ ఆంటీ" అంది, ఆమె మొహంలోకి చూడకుండా. గంట తిరక్కుండా డాక్టరుగారు అమ్మాయిని తన గదిలోకి పిలిచి, మాస్టర్ పాస్‌వర్డు తన ఎదుటే మార్చమన్నారు. ఆయన సంతకం అవసరంలేని ఒక ఫైలు తీసుకుని తాళాలక్క లోపలికి వెళ్ళింది. కొత్త పాస్‌వర్డు కొడుతున్న అమ్మాయి చేతులు, ఆమెను చూడగానే కీబోర్డు మీద ఆగిపోయాయి.

"అక్కడ పెట్టి వెళ్ళండమ్మా," అన్నారు డాక్టరుగారు. "తలుపు వేసి వెళ్ళండి."

పెట్టింది. వేసింది. ఆలోగా మొదటి మూడు అక్షరాలు చూసేసింది. మిగతావి రాబట్టడానికి ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది.