వెనుక కాళ్ల వీరుడు

మా నీలం నగర్‌లో చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడరు. చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడతారు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇంటింటి ముందరి రేకుల షెడ్డుల్లో పవర్‌లూములు టకటకమంటూనే ఉంటాయి. కరెంటు పోతే వీధి మొత్తం ఒక్కసారే ఆగుతుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. వారానికో రోజు సెలవు కూడా వీధందరికీ ఒకటే. కానీ వీధంతా నడుస్తుండగా పట్టపగలు ఒక్క ఇంటి మగ్గం, దారం అతికేంతసేపు దాటి ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఎవరూ కబురు పంపక్కర్లేదు, ఆడవాళ్లు కొంగు నెత్తిన కప్పుకొని వచ్చేస్తారు. పక్కింటి పెద్దవ్వ భర్త పోయినప్పుడు మాకు అలాగే తెలిసింది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చివర్లో చెబితే నన్ను తిట్టుకుంటారు.

మాకు రెండు మగ్గాలు. రెండింటి మీదా బాపు, అంటే మా నాన్న, చద్దర్లు నేస్తాడు. ఇల్లూ షెడ్డూ ఒకే కరెంటు లైను మీద ఉన్నాయి. అందుకని ఆగిన మగ్గాన్ని మళ్లీ నడిపే ముందు బాపు షెడ్డులోంచి "చాలూ" అని అరుస్తాడు, ఇక నడిపిస్తున్నానని దానర్థం. మేము వెంటనే టీవీ కట్టేయాలి. మగ్గం అందుకున్నాక మళ్లీ పెట్టుకోవచ్చు. కట్టేయకపోతే ఫ్యూజు ఎగిరిపోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంటి రాజ్యాంగం ఇదే.

అవ్వ బీడీలు చుడుతుంది. మేము అమ్మను అవ్వ అనే అంటాం. మధ్యాహ్నాలు పెద్దవ్వ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ చాటలు పట్టుకొని మా ఇంటికే వస్తారు, అవ్వ మీద ప్రేమతో కాదు, మా టీవీ పెద్దది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. కళ్లు మాత్రం టీవీ మీద. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఒకసారి అవ్వ చేతుల్ని ఫోన్లో వీడియో తీసి చూపిస్తే, "ఇవ్వి ఎవరియి?" అని అడిగింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అత్తాకోడళ్ల సీరియల్ రావలసిన వేళకు ఏ కారణం చేతనో ఒక బొమ్మల సినిమా వేశారు. హిందీలోకి డబ్బింగ్ చేసిన సినిమా. రిమోటు గూట్లో ఉంది. లేస్తే ఒళ్లో తంబాకు ఒలికిపోతుంది కాబట్టి ఎవరూ లేవలేదు. ఆ విధంగా మా ఇంట్లోకి గాడిద ప్రవేశించింది.

కథ ఏమిటంటే, కొండ మీద ఒక కుస్తీ బడి. కరాటేనో ఇంకేదో, గాల్లో ఎగిరి కొట్టుకునే విద్య. గురువు ఒక ముసలి ముంగిస. శిష్యులు కుందేళ్లూ కొంగలూ. వాళ్లందరికీ నీళ్లు మోసేది ఒక గాడిద. అది పోట్లాట నేర్చుకుంటానంటే అందరూ నవ్వారు. ముంగిస మాత్రం సరేనంది. కానీ ఆ బడిలో మొదటి పాఠం శత్రువు కళ్లలోకి సూటిగా చూడటం. మన గాడిదకు సిగ్గెక్కువ. ఎవరినైనా చూడమంటే చాలు, చెవులు వాల్చి అటు తిరిగి నిలబడుతుంది. తిరిగినప్పుడు దానికి తెలియకుండానే వెనుక కాళ్లు లేస్తాయి. వెనకున్నవాడు గోడలోంచి బయటికి పోతాడు. గాడిదకు ఆ సంగతే తెలియదు. గోడకు బొక్క ఎందుకు పడిందని అదే అడుగుతుంది.

మా ఆడవాళ్లు పడిపడి నవ్వారు. అవ్వ నవ్వలేదు. పరీక్ష రాసే పిల్ల లాగా ముఖం పెట్టుకొని చూసింది. చివరికి కొండ మీదికి ఒక అడవిపంది దండెత్తి వచ్చింది. కళ్లలోకి చూసి కొట్లాడే వీరులందరూ వరసగా పడిపోయారు. మిగిలింది గాడిద ఒక్కటే. పంది తల వంచి కోరలు చాచింది. గాడిద మెల్లగా అటు తిరిగింది.

సరిగ్గా అప్పుడు షెడ్డులోంచి "చాలూ" అని వినపడింది. దారం తెగి రెండు మగ్గాలూ ఆపుకున్నాడట.

అవ్వ జీవితంలో మొదటిసారి "ఆగు" అని అరిచింది. బాపు గుమ్మంలోకి తొంగిచూసి "ఏమైంది?" అన్నాడు.

"గాడిద కొట్లాట ఉన్నది. రెండు నిమిషాలు ఆగు."

బాపు టీవీని చూశాడు, అవ్వను చూశాడు, నవ్వాడు.

"గాడిదే గదా," అన్నాడు. వెళ్లి మగ్గం పిడి లాగాడు.

ఫ్యూజు పోయింది. బాపు దాన్ని బాగుచేసి టీవీ వచ్చేసరికి ఎవరో ఆవిడ షాంపూతో తల రుద్దుకుంటోంది. సినిమా అయిపోయింది. అవ్వ ఏమీ అనలేదు. ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా బాపుతో ఏమీ అనలేదు.

ఇందులో ఘోరమేమిటంటే, అవ్వ మాట్లాడటం మానేసిన సంగతి బాపుకు తెలియనేలేదు. మగ్గాల పక్కన బతికి బతికి ఆయన చెవులు సగం పోయాయి. పెదవులు చూసి మాటలు పోల్చుకుంటాడు. అవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది, పళ్లెం ముందర పెడుతోంది, చాయ్ గ్లాసుతో షెడ్డు తలుపు మీద కొట్టి పోతోంది. సంసారం హాయిగా సాగుతోందని ఆయన అనుకున్నాడు. వారమో పది రోజులో చూసి, ఇక ఉండబట్టలేక నేనే చెప్పాను.

"మాట్లాడ్తలేదా? ఎప్పటి సంది?" అన్నాడు బాపు. "నేను పండ్లు నొస్తున్నయేమో, అందుకే మూతి తెరుస్తలేదు అనుకున్న."

ఎందుకో చెప్పాను. "గాడిద గురించా?" అన్నాడు బాపు. "గాడిద గురించే," అన్నాను. ఆ మాటలు అంటుంటే నాకు మా ఇంటి మీద అసహ్యం వేసింది.

నేను ఫోన్లో ఆ సినిమా వెతికి, ఆఖరి పోట్లాట దగ్గర ఆపి అవ్వకు ఇచ్చాను. చూడలేదు. "మూసెయ్," అంది. "నాకు సిన్మాతోని ఏం పని? ఎవరు గెలుస్తరో నాకు ఎరికే." మరి ఏం కావాలంటే చెప్పదు. ఏదైనా అవసరమైతే నాతో అంటుంది, "మీ బాపుకు చెప్పు, గ్యాస్ అయిపోయింది." బాపు ఆమెకు రెండడుగుల దూరంలో ఉంటాడు. నేను తిరిగి, పెదవులు బాగా కదిలిస్తూ, గ్యాస్ అయిపోయిందని చెబుతాను. ఆయన ఆమెనే చూస్తూ నాతో "రేపు తెస్తా అని చెప్పు" అంటాడు. పొద్దంతా హోట్గి రోడ్డులో ఒక టవళ్ల కంపెనీ ఆఫీసులో చాకిరీ చేసి ఇంటికి వస్తే నాకు మళ్లీ ఈ ఉద్యోగం.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ ఇల్లు నిజంగా బావుండలేదు. బాపు చిక్కిపోయాడు. షెడ్డులోంచి ఆయన గుమ్మం వైపు చూడటం, అవ్వ ముఖం తిప్పుకోవడం చూస్తే నాకు బాధేసేది. బాపు చెవిలో పడకపోయినా ఆయన ముప్పొద్దులా చూసుకుంటూ బతికింది ఆ పెదవులనే.

ఒకరోజు నన్ను చాటుగా పిలిచి, "ఆ గాడిద బొమ్మ ఒకటి ఆఫీసుల ప్రింటు తీస్కరా," అన్నాడు. తీసుకొచ్చి ఇచ్చాను. పక్క నుంచి కనిపించే నిలువెత్తు గాడిద, చెవులు వాల్చి, వెనుక కాళ్లు గాల్లో. బాపు దాన్ని గళ్ల కాగితం మీదికి ఎక్కించి, మగ్గానికి బొమ్మ చెప్పే అట్టలకు ఆ ప్రకారం రంధ్రాలు కొట్టించి, మగ్గానికి కట్టాడు. అవ్వ కోసం చద్దరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఊరందరికీ చద్దర్లు నేశాడు గానీ అవ్వ అడిగిందని ఒక్కటీ నేయలేదు. అవ్వ అడగలేదు, అది వేరే సంగతి.

చద్దరు నేత గురించి ఒక్కమాట చెప్పాలి. మా బాపు మగ్గం మీద పువ్వు కావాలంటే సగం పువ్వే గీస్తారు. మిగతా సగం మగ్గమే అద్దంలో చూపినట్టు తిప్పి నేస్తుంది. పువ్వుకైనా దీపానికైనా గోపురానికైనా ఇదే పద్ధతి. ఏళ్ల తరబడి సగాలు గీసి గీసి బాపు చేయి దానికే అలవాటు పడింది. ఏ బొమ్మ ఇచ్చినా ముందు నడిమికి మడిచి, సగం ఉంచుకొని సగం పారేస్తాడు. పెళ్లిపత్రిక ఇచ్చినా నడిమికే మడుస్తాడు. గాడిదను కూడా మడిచాడు. ముఖం బావుందని ముందు సగం ఉంచుకున్నాడు.

మధ్యాహ్నం ఆడవాళ్లందరూ కూర్చొని ఉండగా తెచ్చి వాళ్ల నడుమ పరిచాడు. మెరూన్ రంగు మీద తెల్లని గాడిద. అటొక తల, ఇటొక తల. నాలుగు ముందు కాళ్లు. నడుమ ఒకటే పొట్ట. తోక లేదు, వెనుక భాగమన్నదే లేదు.

చేతులు చుడుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం టీవీని వదిలి చద్దరు మీదికి వచ్చాయి.

"కవలలా?" అంది ఒకావిడ.

"అయ్యో దేవా, ఇది ఎటు నడుస్తది?" అంది పెద్దవ్వ.

బాపు ఎవరి మాటా చూడటం లేదు. అవ్వ పెదవుల వైపే చూస్తున్నాడు. అవ్వ చాట కింద పెట్టింది. లేచింది. చద్దరు తిరగేసి చూసింది. అవతల వైపు రంగులు మారాయి గానీ బొమ్మ అదే. అప్పుడు బాపు ముఖంలోకి సూటిగా చూసి అంది.

"కాళ్లేవి?"

బాపు కళ్లు మెరిశాయి. "మాట్లాడినవ్," అన్నాడు.

"కాళ్లేవి అంటున్న."

"నాలుగు ఉన్నయి గదా. సరిగ చూడు."

"వెనుక కాళ్లు. వాడు తన్నేదే వెనుక కాళ్లతోని. గివ్వి పెట్టుకొని ఏం జేస్తడు, అడవిపందికి దండం పెడ్తడా?"

బాపు వంగి చద్దరును చూశాడు. తన జీవితంలో నేసిన వాటన్నింటినీ ఒక్కసారి తలుచుకున్నట్టు చూశాడు. తర్వాత అక్కడే, గాడిద పొట్ట మీద చతికిలబడ్డాడు.

అవ్వ ఇక ఆగలేదు. దాచుకున్నదంతా బయటికి వచ్చింది, గ్యాస్ దగ్గర్నుంచి మొదలుపెట్టి. బాపు తల పైకెత్తి ఒక్క పెదవి కదలికను కూడా వదలకుండా చూస్తున్నాడు. తిట్లు తింటున్న మనిషి ముఖంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి అవ్వ గొంతు తగ్గింది.

"గాడిదే గదా అన్నవ్. వాడు చూడకుంటనే తంతడు. నేను చూడకుంటనే బీడీలు చుడ్త. చేసేటోనికి చేసినట్టే తెలుస్తలేదు, చూసేటోళ్లకు నవ్వులాట. ఆఖరుకు వాని రోజు వచ్చింది. అందరు పడిపోయిన్రు, వాడొక్కడే నిలవడ్డడు. గప్పుడు చూద్దామని కూసున్న. నువ్వు మగ్గం గుంజినవ్."

"సప్పుడుల నాకు సమజ్ కాలే," అన్నాడు బాపు.

"గప్పుడు మగ్గం బంద్ ఉండె," అంది అవ్వ.

బాపు చద్దరు అంచును నడిమికి మడిచాడు. టీవీలో అత్త కోడల్ని ఏదో అంటోంది, ఎవరూ వినలేదు.

తర్వాత బాపు పట్టుబట్టి రెండో చద్దరు నేశాడు, ఈసారి వెనుక సగంతో. మగ్గం బుద్ధి మారదు కాబట్టి అటొక తోక, ఇటొక తోక, నాలుగు కాళ్లూ నాలుగు వైపులకూ తంతున్నాయి, తల ఎక్కడా లేదు. అవ్వకు అదే నచ్చింది. రోజూ అదే కప్పుకుంటుంది. రెండు తలలది బాపుది. భవాని పేట్ నుంచి మా చిన్నత్త వచ్చినప్పుడు అవ్వ తన చద్దరే ప్రేమగా ఇచ్చింది. ఎటు కప్పుకున్నా మొహం మీదికి తోకే వస్తోందని చిన్నత్త పొద్దున్నే వెళ్లిపోయింది.

మరుసటి ఎండాకాలం ఆ సినిమా మళ్లీ వస్తుందని టీవీలో ప్రకటన వేశారు. నేను జ్వరమని ఆఫీసుకు సెలవు పెట్టాను. జ్వరమేమీ లేదు. ఆడవాళ్లు చాటలతో వచ్చేశారు. పెద్దవ్వ మాత్రం ఇంట్లో ఆకు నానబెట్టి తర్వాత వస్తానంది.

కుందేళ్లు పడ్డాయి. కొంగలు పడ్డాయి. అడవిపంది కొండెక్కుతుండగా షెడ్డులో మొదటి మగ్గం ఆగింది. తర్వాత రెండోది. మళ్లీ దారం తెగింది, ఇప్పుడు "చాలూ" అంటాడు, అయిపోయింది అనుకున్నాను. ఎవరూ ఏమీ అరవలేదు. బాపు నూలు దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు. అవ్వ ఆయన వైపు చూడలేదు. చాట కొంచెం ఇటు జరుపుకొని చోటిచ్చింది.

బయట వీధిలో చెప్పుల చప్పుడు. కొంగు నెత్తిన కప్పుకొని పెద్దవ్వ గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనుక ఇంకో నలుగురు. పెద్దవ్వ అప్పటికే ఏడుస్తోంది.

"కాయ్ ఝాలే? ఏమైంది? ఎవరు పోయిన్రే?"

అవ్వ కళ్లు టీవీ మీదే ఉన్నాయి. "ఎవరు పోలే, అక్కా. కూసో. గాడిద కొట్లాట ఉన్నదని ఆయనే బంద్ జేసిండు."

పెద్దవ్వ అక్కడే కూర్చుంది. ఏడుపు మాత్రం ఆపలేదు. పైగా ఇంకా ఎక్కువైంది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మా ఇంట్ల మగ్గం ఆయన పొయ్యిన దినమే ఆగింది," అంది. "నా కోసం ఒక్క దినం గూడ ఆగలే."

అవ్వ టీవీ చూస్తూనే ఒక చేయి చాపి పెద్దవ్వ మోకాలి మీద పెట్టింది. టీవీ చూస్తుండగా ఆ చేయి బీడీని వదలడం నేను చూడటం అదే మొదలు.

టీవీలో గాడిద అటు తిరిగింది. బాపు తనకు వినిపించేంత గట్టిగా, అంటే వీధంతా వినిపించేలా, "ఇప్పుడు తంతడా?" అన్నాడు.

"ఆగు," అంది అవ్వ.

బాపు ఆగాడు.