గరాజ్‌లో అల్లుడి రెండో భోజనం

మా అల్లుడు ఇంట్లో కొంచెమే తినేవాడు. అన్నం బదులు మా అమ్మాయి కొలిచిపెట్టిన కినోవా గింజలు, ఉడకబెట్టిన బీన్స్, అంతే. షుగరు అంచుకొచ్చింది, ఇంకాస్త పెరిగితే ఇంజెక్షన్లేనని డాక్టరు చెప్పాడు. అయినా మనిషి లావెక్కుతూనే ఉన్నాడు. థైరాయిడేమోనని మా అమ్మాయి దిగులు. నాకు నమ్మకం కుదర్లా. కారు గరాజ్‌లోకి వచ్చిన చప్పుడు వినిపిస్తుంది, మనిషి లోపలికి రావడానికి అంతసేపెందుకు?

అమెరికాలో, ఈ ప్లేనో ఊళ్లో మా ఇంట్లో చెత్తడబ్బా గరాజ్‌లోనే. ఓ సాయంత్రం బీరకాయ తొక్కలు పడేద్దామని తలుపు తీశా. కారులో కూర్చుని తింటున్నాడు. ఒళ్లో బిర్యానీ డబ్బా, కాళ్ల దగ్గర బర్గర్ కాయితాలు, ఇంకా విప్పని స్వీట్ల పెట్టె. నమలడం లేదు, మింగేస్తున్నాడు. నన్ను చూసి బిగుసుకుపోయాడు.

నాకు చదువు సంతకం వరకే. ఆ తిండి సంగతి మాత్రం బాగా తెలుసు. మా ఆయన పోయినప్పుడు అందరూ ట్రేలకి ట్రేలు తెచ్చిచ్చారు. ఫ్రిజ్ తలుపు తీసి, అక్కడే నిలబడి, చల్లటి పులిహోర చేత్తో తినేదాన్ని. కడుపు నిండిందని తెలుస్తూనే ఉంటుంది, చెయ్యి ఆగదు. పొట్టదేముంది, కుక్కినంతా సాగుతుంది. మా అమ్మాయి కంచం పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తినడం మొదలెట్టాకే నా చెయ్యి ఆగింది.

మా వైపు అల్లుడి పక్కన అత్త కూర్చోదు. ఆయన తిని లేచాకే తింటుంది. ఈ కారులోనూ నాది వెనక సీటే. ఆవేళ ముందు తలుపు తీసి కూర్చున్నా.

"నాకూ కాస్త పెట్టండి బాబూ."

"అత్తయ్యగారూ, తనకి చెప్పకండి."

"నేనెందుకు చెప్తాను, మీరే చెప్తారు. లెగ్ పీసు అయిపోయిందా?"

నవ్వబోయి ఏడ్చాడు. "ఆకలి కూడా ఉండదండీ. ఆపలేకపోతున్నా."

"ఆకలైతే అన్నంతో ఆగిపోయేది. మీరు తినండి, నేనూ తింటా. నమలండి."

ఇద్దరం మాట్లాడుకుంటూ తిన్నాం. డబ్బాలో సగం మిగిలిపోయింది. మిగిలింది పట్టుకుని లోపలికెళ్లి, పెళ్లానికి తనే చెప్పుకున్నాడు. మా అమ్మాయి ఆ డబ్బా అందుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత, "రేపు డాక్టరుకీ చెబుదాం," అని కొలత కప్పు తీసి అలమరాలో పెట్టేసింది.

ఇప్పుడు అందరం ఒకే బల్ల దగ్గర తింటున్నాం. ఆ తిండి జబ్బు పూర్తిగా పోయిందనను. అప్పుడప్పుడు గరాజ్‌లోంచి ఫోన్ చేస్తాడు, "అత్తయ్యగారూ, ఓసారి రండి," అని. రెండు కంచాలు పట్టుకుని వెళ్తా. ముందు సీటు నాదే.