ఎడమ మెదడు, కుడి చెయ్యి

మొన్న పక్కవాటాలో ఉండే అమ్మాయి, తొమ్మిదో తరగతి చదువుతోంది కాబోలు, మెదడు బొమ్మ గీసి భాగాలు గుర్తించి ఇవ్వమంటూ తెల్లకాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముప్పయ్యేళ్ళకి పైగా జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, కళ్ళు మూసుకుని గియ్యమన్నా గీస్తాను. పెద్ద మెదడు, దాని వెనక కిందుగా చిన్న మెదడు, అక్కణ్ణుంచి వెన్నుపాములోకి దిగిపోయే మజ్జాముఖం, మూడూ గీశాను గానీ, ఎడమ సగం పక్కన ‘శరీరపు కుడివైపును నడిపించును’ అని రాయవలసి వచ్చేసరికి కలం ఆగిపోయింది. వయసు మీద పడింది, చెయ్యి వణుకుతోందమ్మా అని చెప్పి పంపించేశాను. అబద్ధం. నా చేతికి ఏ వణుకూ లేదు. నా ఈడువాళ్ళు ఎవరైనా దీన్ని చదువుతారేమోనన్న ఆశతో, ఇంతకాలం ఎవరికీ చెప్పుకోనిది ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల చివర్లో నాకు గజపతినగరంలో సైన్సు మాస్టారుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. సైన్సు మాస్టారంటే ఊళ్ళో ఒక మర్యాద ఉండేది, ఆ మర్యాద నెత్తికెక్కే వయసు నాది. పటాలూ బొమ్మలూ లేని బడి కావడంతో, మెదడు పాఠం వచ్చినప్పుడు ఆదివారం పూట మాంసం కొట్టు దగ్గర నిలబడి మేక తలకాయ కొట్టించి, మెదడు చితక్కుండా తీయించి, గాజు సీసాలో మందునీళ్ళు పోసి తరగతికి పట్టుకెళ్ళాను. వెనక బెంచీ వాడొకడు, మా ఇంట్లో అయితే దీన్ని ఉల్లిపాయలేసి వేపేస్తారండీ అంటే తరగతంతా ఘొల్లుమంది, నేనూ నవ్వాను. తర్వాత గంటసేపు ఊగిపోతూ చెప్పాను: ఒళ్ళు తూలకుండా నిలబెట్టేది చిన్న మెదడనీ, మనం తలుచుకోకుండానే ఊపిరినీ గుండెనీ నడిపేది మజ్జాముఖమనీ, ఆలోచనా జ్ఞాపకమూ మాటా చేతిపనీ పెద్ద మెదడువేననీ, నరాలు కిందికి దిగే దారిలో అటువి ఇటూ ఇటువి అటూ దాటుకుంటాయి గనక ఎడమ మెదడు చెడితే కుడి చెయ్యి పడిపోతుందనీ, నరకణం ఒకసారి చచ్చిందంటే మళ్ళీ పుట్టదనీ. అన్నీ పుస్తకంలో ఉన్నవే, ఒక్కటీ నేను కల్పించింది కాదు.

నాన్న చిన్నప్పుడే పోతే నన్ను పెంచి ఇంతవాణ్ణి చేసిన మేనమామ బొబ్బిలిలో వీణలు చేసేవాడు. పనస దుంగని ఉలితో తొలిచి వీణకి గుమ్మడికాయంత కుండ తీసే పని ఇంకొకళ్ళకి అప్పజెప్పినా అప్పజెప్పేవాడు గానీ, వీణ మెడ, అదే దండి, మీద మైనం పరిచి స్వరానికొకటిగా మెట్లు నిలబెట్టడం మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆయన చెవికి పట్టుబడిపోయేది. అలాంటి మనిషి ఆ ఏడు మాఘమాసంలో ఒక పొద్దున్న, ఉలి పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, నోట్లోంచి ‘ఊఁ’ తప్ప మాట లేదు. మాట పోయింది కాబట్టి మతీ పోయిందని ఇంటా బయటా అందరూ అనుకున్నారు, ఆయన ఎదుటే కూర్చుని ఆయన గురించి ఏ సంకోచమూ లేకుండా మాట్లాడేసుకునేవారు.

వేసవి సెలవులకి పాసింజరు బండి దిగి ఇంటికి వెళ్ళేసరికి మా అత్త, అంటే ఆయన భార్య, ఆ చేతికి పావురం నెత్తురు రాస్తోంది. పక్షవాతానికి అప్పట్లో మా వైపు అందరూ చేసే వైద్యం అదే. రాశాక నూనెతో మోచేతి దాకా రుద్ది, చచ్చుబడ్డ అరచేతిలో ఆయన ఉలే పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మడిచి, పైన తన చెయ్యి వేసి పనస ముక్క మీద అటూ ఇటూ నడిపించేది. రోజూ పొద్దున్నే అదే పని. బొటనవేలు కాస్త కదులుతోందని ఆవిడ మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండింది. పొయ్యిలోంచి బొగ్గు తీసి గోడ మీద మెదడు బొమ్మ వేసి, జబ్బు చేతిలో లేదనీ ఎడమ మెదడులో ఉందనీ, చచ్చిన కణాలు బతకవనీ, బడిపిల్లలకి చెప్పినంత వివరంగానూ చెప్పాను. మావయ్య మాకెదురుగా మంచం మీద గోడకి చేరగిలబడి చూస్తున్నాడు.

“అయితే ఈ రుద్దుడంతా ఎందుకూ కాదేటి అల్లుడా? మరింక ఉలి పట్టడేటి?” అని అడిగింది అత్త.

పట్టలేడు అన్నాను. ఒక్క మాట, అంతే. ఆ మాట అన్నప్పుడు నాలో ఉన్నది బాధ కాదు, తెలిసినవాడి దర్పం.

మర్నాడు పొద్దున్న అత్త అలవాటు కొద్దీ ఉలి అరచేతిలో పెడితే, మావయ్య ఎడమ చేత్తో దాన్ని తీసి నెమ్మదిగా పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు నుంచి ఆవిడా మానేసింది. నేను మాత్రం అందులో వింత ఏమీ లేదనుకుని సెలవులన్నీ హాయిగా గడిపి వెళ్ళిపోయాను.

దసరాకి వచ్చి చూస్తే ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగిపోయి పిడికిలి బిగుసుకుపోయింది, గోళ్ళు అరచేతిలో దిగి పుళ్ళు పడ్డాయి. అరుగు మీద మా బావ, అంటే మావయ్య కొడుకు, మైనం మీద మెట్లు నిలబెట్టి తీగ మీటి చూసుకుంటున్నాడు. లోపల మంచం మీంచి టక్కుమని చప్పుడైంది. బావ మెట్టు కాస్త జరిపి మళ్ళీ మీటాడు. మళ్ళీ టక్కు. మూడోసారి జరిపాక చప్పుడు రాలేదు.

“తప్పైతే గోడ మీద కొడతాడు. ఏదీ వదల్డు,” అన్నాడు బావ, అదొక మామూలు సంగతే అన్నట్టు.

ఎడమ మెదడులో మాటని పలికించే చోటు దెబ్బతిన్నంత మాత్రాన విని తెలుసుకునే శక్తి పోనక్కర్లేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు. అంటే వేసవిలో నేను గోడ మీద బొమ్మ వేసి చెప్పిన పాఠం, అత్త ప్రశ్న, నా జవాబు, అన్నీ ఆయన అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన కూలబడి, “మావా, నాను సెప్పింది తప్పు. సెయ్యి వస్తాది,” అన్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు, తర్వాత ఎడమ చెయ్యి చాచి నా వీపు నిమిరాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి ఏడుస్తుంటే అలాగే నిమిరేవాడు. నా మాట నమ్మలేదని నాకు తెలిసిపోయింది. ఉలి మళ్ళీ ఆ చేతికి ఇద్దామని చూశాను గానీ అప్పటికి ఆ వేళ్ళు విప్పితే విడలేదు. మరుసటేడు వానలు పడుతుండగా పోయాడు.

ఆ చెయ్యి వచ్చేదో రాకపోయేదో ఈనాటికీ నేను చెప్పలేను. ఇప్పుడు మాత్రం చిన్న చిన్న ఊళ్ళలో కూడా పక్షవాతం వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని ఆడించే, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు ఉన్నారు, చచ్చిన భాగం పనిని పక్క భాగం నేర్చుకుంటుందని పుస్తకాలే రాస్తున్నాయి, రోగి ఎదుట ధైర్యం చెప్పాలని ఇంట్లోవాళ్ళకి నేర్పుతున్నారు. నెత్తురు సంగతి వదిలేస్తే మా అత్త చేసింది అదే. చదువురాని ఆవిడ చేతికి తెలిసింది నా డిగ్రీకి తెలియలేదు.

ఆ సంగతి ఆవిడకి చెప్పి కాళ్ళ మీద పడవలసింది. చెప్పలేదు. ఇరవయ్యేళ్ళు బతికింది మావయ్య తర్వాత, వచ్చిన ప్రతివాళ్ళతోనూ, “మా అల్లుడు సదువుకున్నోడు, అందరూ మాయమాటలు సెప్తంటే ఆడొక్కడే ఉన్నది ఉన్నట్టు సెప్పీసినాడు,” అని నన్ను చూపించి గొప్పగా చెప్పుకునేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఒక్కసారీ కాదనలేదు.