నేను రైట్ చెప్పని పొద్దు

వర్ధన్నపేట నుంచి హన్మకొండకు పోయే పొద్దటి బస్సుకు నేను కండక్టర్‌ను. ఆ రూట్ల నాకది రెండో ఏడు. ఆడోళ్లకు ప్రయాణం ఫ్రీ అయినప్పటి సంది బస్సుల కాలు పెట్ట సందు లేదు. జీరో టికెట్లు కొట్టుకుంట ముందటికి పోయి మళ్ల వెనక డోర్ కాడికి వచ్చేసరికి మామునూరు వచ్చేది.

ఇంటర్ చదివే ఒక పిల్ల రోజూ ఆ బస్సుకే ఎక్కేది. కాలేజీ హన్మకొండల. కని వారం దినాల సంది మామునూరులనే దిగిపోతాంది. ఒకరోజు ఆపి అడిగిన.

"గీడ దిగి ఏం చేస్తానవు బిడ్డా?"

"ఎనక బస్సుకు వస్తానక్కా."

"ఈ బస్సుకేమైంది?"

ఆమె కండ్లు నా భుజం మీదికెళ్లి ఒకసారి వెనక్కి చూసినయి.

అక్కడున్నది రోజూ వచ్చే మనిషే. నలభై ఏండ్లుంటయి. ఇస్త్రీ అంగి, చేతిల టిఫిన్ సంచి. నన్ను "చెల్లె" అని మర్యాదగ పిలిచేటోడు. వాని మీద నాకెన్నడు అనుమానం రాలె. ఆ మర్యాదను చూసే మోసపోయిన.

తెల్లారి ఒక కన్ను వాని మీదనే పెట్టిన. ఆ పొద్దు ముందట నిలబడే జాగున్నా ఆ పిల్లకు ఆనుకోనే నిలబడ్డడు. ఆమె వీపు మీది బ్యాగు తీసి మధ్యల అడ్డం పెట్టుకున్నది. వాడు ఆ బ్యాగును పక్కకు జరిపిండు.

"ముందటికి నడువు" అన్న.

"రష్‌ల తగుల్తది చెల్లె. బస్సన్నంక తగలదా?"

"ముందట జాగున్నది. నువ్వే పోతలేవు."

"ఎక్కుడు ఫ్రీగ, మళ్ల గీ ముచ్చట్లా?" అనుకుంట పక్కోళ్ల దిక్కు చూసి నవ్విండు. ఇద్దరు మొగోళ్లు వానితోని కలిసి నవ్విండ్లు.

వాడు చేసిన పనికంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ మండింది. తర్వాతి స్టేజిల బస్సు ఆగినంక నేను రైట్ చెప్పలె. డ్రైవర్ అద్దంలకెళ్లి నన్ను చూసిండు.

"అన్నా, బస్సును సీదా ఠాణాకు పోనియ్" అన్న.

"మాకు డ్యూటీకి లేటైతాంది, మీ లొల్లి హన్మకొండల చూసుకోండ్లి" అని ఎవరో అన్నరు. లేటైతే కానియ్యండ్లి అన్న. వాడు దిగిపోదామని వెనక డోర్ కాడికొచ్చిండు. నేను ఫుట్‌బోర్డు మీద అడ్డం నిలబడ్డ. రెండు చేతులతోని నూకిండు. రోడ్డు మీద కుడిచెయ్యి కిందేసుకోని పడ్డ.

లేచి చూసేసరికి, మార్కెట్‌కు వంకాయ బస్తాలు తీస్కపోయే ఒక పెద్దమ్మ వాని కాలర్ పట్టుకోని ఉన్నది. "యాడికి పోతవ్ రా, కూసో" అంటాంది. ఇంకో ఇద్దరు ఆడోళ్లు డోర్ కాడ నిలబడ్డరు. ఇందాక నవ్వినోళ్లు కిటికీలకెళ్లి బయటికి చూస్తాండ్లు.

ఠాణాల ఫిర్యాదు మీద ఎడమచేత్తోని సంతకం పెట్టినంకనే దవాఖానకు పోయిన. మణికట్టు ఎముక చిట్లిందని పట్టి వేసిండ్లు.

రెండు రోజులకు వాని బావమరిది, ఇంకో పెద్దమనిషి మా ఇంటికొచ్చిండ్లు. కేసు వాపసు తీసుకొమ్మన్నరు. "రోజూ గా తొవ్వల నౌకరి చేసేదానివి. జర ఆలోచించుకో" అన్నడు పెద్దమనిషి.

"గా తొవ్వ నాది గూడ. ఆలోచించుకునేది మీవోడు" అన్న.

వాళ్లు పోయినంక మా ఆయన మెల్లగ అన్నడు, రూట్ మార్పించుకోరాదు అని. నా మీద ఫికర్‌తోనే అన్నడు, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి ఆయనతోని మాట్లాడలె. కొట్టినోడు అదే బస్సెక్కొచ్చు, దెబ్బ తిన్నదాన్ని మాత్రం తొవ్వ మార్చుకోవాల్నా?

ఇంతల తెలిసింది, ఆ పిల్లను వాళ్ల నాయిన కాలేజీ బంద్ పెట్టించిండని. పట్టి చేత్తోనే వాళ్లూరికి పోయిన. ఆయన పత్తి చేనుకు మందు కొట్టి అప్పుడే వచ్చిండు.

"పిల్ల పైలంగ ఉండాలె గదమ్మా. ఇంట్ల ఉంటె నాకు రంది ఉండది" అన్నడు.

"తప్పు చేసినోడు బెయిల్ మీద బయట తిరుగుతాండు అన్నా. ఈమెనెందుకు ఇంట్ల కూసోవెడ్తానవు?"

పిల్లనే తలుపు కాడికెళ్లి అన్నది. "నాయినా, నేను సాక్ష్యం చెప్త. కాలేజీకి గూడ పోత. మొన్న దిగిపోయిన, ఇగ దిగ."

ఆరు వారాలకు పట్టి విప్పిండ్లు. అదే రూట్, అదే బస్సు అడిగి తీసుకున్న. మొదటి రోజు ఆ పిల్ల ఎక్కి, నా సీటు పక్కన నిలబడి హన్మకొండ దాక వచ్చింది.

కొన్నాళ్లకు వాడు మళ్ల మా బస్సెక్కిండు. టికెట్ కొట్టి ఇచ్చిన. "డ్రైవర్ పక్కకు పోయి నిలబడు. నాకు కనపడేటట్టు ఉండు" అన్న, బస్సంత ఇనపడేటట్టు. ఈసారి ఎవరు నవ్వలె. వాడు పోయి నిలబడ్డడు. మళ్ల మా బస్సుకు రాలె.

కేసు ఇంక నడుస్తనే ఉన్నది. వాయిదా ఉన్నప్పుడల్లా లీవ్ పెట్టి పోతాన. మొన్న కోర్టు వరండాల ఆ పిల్ల నాయిన నా పక్కన కూసున్నడు.

"ఇంకెన్నిమాట్లు రావాల్నో చెల్లె" అన్నడు.

"పిలిచినన్నిమాట్లు" అన్న.

ఆయన తలూపి, బిడ్డ పేరు పిలుస్తాండ్లని లేచి, ఆమెను తోల్కోని లోపలికి నడిచిండు.