మెరిసే రంగు కింద జంగు

భాగ్య వెల్డింగ్ నేర్చుకున్నది కిటికీ గ్రిల్లుల మీద. నారాయణపేట దగ్గరి పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చిన తండ్రి పెంటయ్యే నేర్పాడు. అన్న అంజన్ నాంపల్లి స్టేషన్ వెనక సందులో పాత కార్ల షెడ్డు పెట్టాక రేకు పనంతా ఆమెదే అయింది.

ఆ శనివారం షెడ్డులో పాత ఫియట్ ఒకటి ఉంది. అబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం నడిపే తాతారావుది. వేరేచోట ఎవరో వేసిన కొత్త రంగు, ముఖం చూసుకోవచ్చు. మర్నాడే పాత కార్ల ఊరేగింపు. బ్రేకులు చూసి ఇమ్మన్నాడాయన, అంతే.

అంజన్ జాకీ పెట్టి బండి ఎత్తాడు. చక్రం విప్పి కిందికి దూరాడు. కాసేపటికి భాగ్యకు అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే జాకీ తల మెల్లగా బండి అడుగు రేకులోకి దిగబడుతోంది.

"అన్నా, బయటికి రా."

"ఒక్క నట్టుంది, ఆగు."

"నట్టు గిట్టు వద్దు. జల్ది రా."

ఆమె గొంతు పెంచలేదు. ఉలిక్కిపడి బండిని తాకుతాడేమోనని భయం. విప్పిన చక్రాన్ని కాలితో బండి కిందికి తోసింది. అంజన్ భుజాలు బయటపడ్డాయి, నడుము బయటపడింది. కాళ్ళింకా లోపలుండగానే బండి కరకరమంటూ కుంగి, ఆ చక్రం మీద ఆగింది. ఇనుముకూ అతని పాదానికీ మధ్య బెత్తెడు సందు మిగిలింది.

అంజన్ కాళ్ళు లాక్కుని నేల మీదే కూర్చుండిపోయాడు. భాగ్య నీళ్ళిచ్చి, జాకీ దిగబడ్డ చోటికి వంగింది.

తలుపుల కింద బండి పొడవునా ఉండే డొల్ల పెట్టె అది. బండి బరువంతా దాని మీదే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది. రంగు కింద పూసిన పుట్టీ పెచ్చు ఊడి, లోపలినుంచి ఎర్రటి తుప్పు పొడి జలజలా రాలింది.

సాయంత్రం తాతారావు తన మనవరాలు దివ్యశ్రీని వెంటబెట్టుకుని వచ్చాడు.

"రేపు బండి పోదు సార్. లోపలంతా జంగు," అంది భాగ్య.

"పైకి బాగానే ఉందిగా అమ్మా? ఒక్కరోజేగా, మెల్లగా నడుపుతాను."

"పాప యాడ కూసుంటది?"

"వెనక సీట్లో."

"గా సీటు కిందనే సార్ జంగు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీ జాకీ దెబ్బకే విరిగిందేమో."

"ఇందాక దీని కింద నేనున్న సార్," అన్నాడు అంజన్.

తాతారావు అతని వైపు చూశాడు. వంగి, చిరిగిన రేకు అంచు వేలితో నొక్కాడు. బిస్కెట్‌లా విరిగింది. లేచి నిలబడి అడిగాడు: "ఎక్కడిదాకా పాకింది?"

"కోస్తేగాని తెల్వదు. తలుపు కంబం దాకా పోతే బండి మీద ఆశ ఇడువాల్సిందే."

"కొయ్యమ్మా."

గ్రైండర్ కొత్త రంగును చీల్చుకుంటూ పోయింది. భాగ్య జానెడు కోసి సుత్తితో తట్టింది. మొద్దు చప్పుడు. ఇంకో జానెడు, అదే చప్పుడు. కంబం దగ్గరపడుతోంది. తాతారావు మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళ దూరంలో ఉండగా సుత్తి ఖంగుమంది.

"దొరికింది సార్. ఈడికెళ్ళి గట్టి ఇనుము."

ఊరేగింపు తప్పిపోయింది. ఆదివారమంతా తాతారావు షెడ్డులోనే స్టూలు మీద కూర్చున్నాడు. భాగ్య కొత్త రేకు అతికించి, డొల్ల లోపల జంగు పట్టని నూనె పోసింది. నీళ్ళు నిలవకుండా అడుగున బెజ్జాలు వదిలింది.

ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు ఆమె సుత్తితో తట్టి వింటుంది. కొందరు ఓనర్లు విసుక్కుంటారు. అంజన్ మాత్రం చెల్లెలు సరేననేదాకా బండి కిందికి దూరడు.