తలకోనకని బయల్దేరి

నా ఎడమకాలి చెప్పు ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. బజారులో పూలమ్మే ఆవిడ వెనకనుంచి పిలిచి, "అమ్మా, చెప్పు ఈడ ఇడిసిపెట్టి పోతా ఉండావే" అనేదాకా అలాగే నడిచాను. కిందికి చూసుకుంటే ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళి తొడుక్కున్నాను. ఒంట్లో ఏదో తేడాగా ఉందనిపించిన మొదటి రోజు అదే. కానీ ఆ తేడాకు నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. అంతకు రెండు రోజుల ముందే మా అత్తతో కలిసి మెట్ల దారిన తిరుమల కొండ ఎక్కి మొక్కు తీర్చుకుని వచ్చాను.

ఇది తొంభైల చివరి మాట. మేముండేది తిరుపతిలో. నేను ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. నా గొంతు మూడు గదుల అవతలికి వినపడుతుందని తోటి టీచర్లు ఏడిపించేవారు. మా ఆయన చెంగల్రాయుడు టూరిస్టు వ్యాను డ్రైవరు. యాత్రికులను తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి, తలకోన తిప్పి చూపించడమే ఆయన పని. ఊళ్ళవాళ్ళందరికీ తలకోన జలపాతం చూపించిన మనిషి, పెళ్ళయిన నాలుగేళ్ళలో నాకు చూపించలేదు. నాకు సెలవు దొరికే రోజే ఆయనకు బేరాలు ఎక్కువ. ఆ ఏడు వానలు బాగా పడి జలపాతం నిండుగా ఉందని ఆయనే చెప్పాడు. ఇక నేను ఊరుకోలేదు. పోట్లాడి ఒక ఆదివారం ఖాయం చేయించుకున్నాను. తెల్లారగానే బయల్దేరడం, భాకరాపేటలో టీ, నీళ్ళ పక్కనే రాళ్ళ దారిలో పైదాకా నడక, అక్కడే అన్నం, చీకటి పడకముందే ఇల్లు. వారం రోజులు ఇంట్లో ఇదే మాట.

తిరుపతిలో కాళ్ళు పట్టుకోవడం ఒక జబ్బు కాదు. కొండెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ రెండు మూడు రోజులు కుంటుతారు. ఎవరూ పట్టించుకోరు. నాకు కాలివేళ్ళు తిమ్మిరిగా, చీమలు పాకుతున్నట్టు ఉన్నాయని మా అత్తతో చెప్పాను.

"కొండెక్కినోళ్ళకి కాళ్ళు పట్టుకోకుండా ఉంటాయామ్మే? మూడు దినాలకి అదే పోతాది" అని నువ్వుల నూనె వేడిచేసి పిక్కలకు మర్దన చేసింది.

"నొప్పి లేదత్తా. బలమే లేదు" అన్నాను.

"ఒకొక్కరికి ఒకొక్క తీరు" అంది. ఆమె చేతులు హాయిగా ఉన్నాయి. నేనూ నమ్మాను. కొండ ఎక్కడానికి కొన్ని వారాల ముందు నాకు నీళ్ళ విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే రాలేదు.

మూడు రోజులకు తగ్గలేదు. స్కూల్లో మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. బోర్డు మీద రాస్తుంటే వేళ్ళలోంచి సుద్దముక్క జారిపోయింది. మా వీధి చివర సూదులు వేసే ఆయన దగ్గరికి వెళితే, "కొండెక్కొచ్చినావా? దీనికి మందెందుకమ్మా, ఇంకో తూరి ఎక్కితే సరిపోతాది" అని నవ్వి, ఒళ్ళు నొప్పులకు సూది వేసి పంపాడు. నిజం చెప్పాలంటే ఇంకోసారి ఎక్కుదామా అని కూడా ఆలోచించాను. అందరికంటే నాకే తొందర. ఆదివారానికి కాళ్ళు బాగుపడాలి.

ఆ ఆదివారం పొద్దున చిత్రాన్నం కలిపి క్యారియరులో పెట్టాను. కొళాయి దగ్గర నీళ్ళ క్యాను నింపడానికి గొంతుకూర్చున్నాను. నిండింది. లేద్దామంటే లేవలేదు. చేతులు నేలకు ఆనించి ప్రయత్నిస్తే చేతులూ వంగిపోయాయి. బయట వ్యాను హారన్ కొడుతున్నాడు మా ఆయన.

"రా రాజీ, నన్ను తీసకపోవు అంటివి, ఇప్పుడు నువ్వే ఆలస్యం చేస్తాండావు" అంటూ లోపలికి వచ్చాడు. లేవలేకపోతున్నానంటే ఆటలాడుతున్నానని అనుకున్నాడు. చంకల కింద చేతులు వేసి లేపితే నా కాళ్ళు కింద వేలాడాయి. అప్పుడు ఆయన మొహం మారడం చూశాను. క్యారియరు ముందు సీట్లో ఉంది, నేను వెనక సీట్లో మా అత్త ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాను. వ్యాను భాకరాపేట రోడ్డు వదిలేసి పెద్దాసుపత్రి వైపు తిరిగింది.

క్యాజువాలిటీలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే.

"ఎప్పటినుంచి?"

"కొండెక్కినప్పటినుంచి సార్" అన్నాడు మా ఆయన.

"ఇది కొండ వల్ల కాదు. ఈ మధ్య జ్వరంగానీ, మోషన్స్ గానీ అయ్యాయా?" అని అడిగాడు. అప్పుడు ఆ విరేచనాలు గుర్తొచ్చి చెప్పాను. వెంటనే నాతో, "గట్టిగా ఊపిరి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో లెక్కపెట్టమ్మా" అన్నాడు. పిల్లలకు రోజూ ఎక్కాలు చెప్పేదాన్ని, ఇది ఒక పరీక్షా అనుకున్నాను. పదిహేను దాటలేకపోయాను. మధ్యాహ్నానికి ఎనిమిది దగ్గర ఊపిరి అయిపోయింది. ఆ ఎనిమిదితో నాకు భయం పట్టుకుంది.

జీబీ సిండ్రోమ్ అన్నారు. గులియన్ బారీ. "ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన బలగం దారితప్పి నరాల మీద పడింది. కాళ్ళలో మొదలై పైకి వస్తుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే మెషీన్ పెట్టాలి" అని డాక్టరు మా ఆయనకు చెబుతున్నాడు. వెన్నులోంచి నీరు తీసి సీఎస్ఎఫ్ పరీక్షకు పంపారు. నరాలకు కరెంటు పెట్టి నెర్వ్ కండక్షన్ చూశారు. సాయంత్రానికి మాట ముద్దగా వచ్చింది, ఉమ్మి మింగలేకపోయాను. గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. కొన్నాళ్ళకు ఆ ట్యూబ్ తీసి, మెడ దగ్గర రంధ్రం చేసి ట్రకియాస్టమీ చేశారు. దాంతో నా గొంతు పూర్తిగా పోయింది.

ఈ జబ్బు గురించి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. ఇందులో స్పృహ పోదు. అన్నీ వినపడతాయి. దోమ మొహం మీద వాలితే తెలుస్తుంది. తోలుకోవడానికి చెయ్యి ఉండదు, అరవడానికి గొంతు ఉండదు. రెప్పలు కూడా సరిగ్గా మూతపడక, నిద్రకు కళ్ళకు టేపు అంటించేవారు. ఒళ్ళంతా మంటలు. ఎవరైనా కాస్త పక్కకు తిప్పితే బాగుండునని గంటల తరబడి చూసేదాన్ని. మెడలో పైపు పెట్టి కఫం లాగే సక్షన్ చేస్తున్న ప్రతిసారీ, ఇదే ఆఖరు అయితే బాగుండునని కోరుకున్నాను. దాచుకోవడమెందుకు, నాకు చచ్చిపోవాలనిపించింది. ఒక రోజు కాదు, చాలా రోజులు.

కనుగుడ్లు మాత్రం నా మాట వినేవి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని సిస్టర్ నేర్పింది. ఐసీయూలోకి మా ఆయనను కాసేపే రానిచ్చేవారు. మొదట్లో వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడేవాడు. నోరున్నప్పుడు నేను మాట్లాడితే ఆయన వినేవాడు. ఇప్పుడు ఆయనకు ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి తనకు వచ్చిన మాటలే ఎత్తుకున్నాడు, యాత్రికులకు చెప్పేవి.

"తెల్లారేలోగా బయల్దేరితే రంగంపేట దాటేసరికి ఎండ రాదు. భాకరాపేటలో టీ తాగుదాం. తాగుదామా?"

కిందికి చూశాను.

"సరే, కాఫీ. ఆడ కాఫీ బాగుండదు, అయినా తాగుదాం. అమ్మను తీసకపోదామా?"

కిందికి.

"చిత్రాన్నం చేపిద్దామా?"

కిందికి.

"పెరుగన్నం?"

కిందికే. ఆయన నవ్వాడు. "నోరు పోయినా నీ పోట్లాట పోలేదు రాజీ" అన్నాడు. నేను పోట్లాడటం లేదు. వద్దంటున్నాను, అంతే. చిత్రాన్నం ఒక్కటే కాదు, అన్నీ వద్దు. అది చెప్పడానికి నాకు కనుగుడ్లు చాలలేదు. ఆయన రోజూ వచ్చి అదే తలకోన ప్లాను అడిగేవాడు. ఏ చెప్పులు, ఏ చీర, కోతులకు శనగలు తీసుకుపోవాలా వద్దా, నీళ్ళ కింద తడుస్తావా, బండ మీద కూర్చుంటావా. నాకు విసుగొచ్చేది. ఆయన మీద కోపమొచ్చేది. కాళ్ళే లేనిదాన్ని జలపాతం పక్కన నడిపిస్తున్నాడేమిటి ఈ మనిషి అని లోపల తిట్టుకునేదాన్ని.

రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చే ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ చేస్తున్నారు. కాస్త నిలకడగా ఉందనుకునేలోపు న్యుమోనియా వచ్చింది. జ్వరం, బీపీ పడిపోవడం. ఒకసారి సక్షన్ చేస్తుంటే గుండె ఆగినంత పనైంది. అందరూ నా చుట్టూ పరుగెత్తారు. తర్వాత కర్టెన్ అవతల డాక్టరు మా ఆయనతో అంటున్న మాటలు విన్నాను.

"మేం చేయాల్సింది చేస్తున్నాం. ఆశ వదులుకోవద్దు. కానీ చెప్పాల్సిన బంధువులకు చెప్పండి."

మా ఆయన లోపలికి వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. రంగంపేట లేదు, భాకరాపేట లేదు. ఏమీ అడగలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు, మెషీన్ వైపు చూస్తున్నాడు. అన్నాళ్ళూ చావు కోరుకున్నదాన్ని, ఆ క్షణంలో భయంతో వణికిపోయాను. వణకడానికి ఒళ్ళు లేదు, లోపలే వణికాను. ఈయన ప్లాను మానేశాడంటే నేను నిజంగానే పోతున్నానన్నమాట. అడుగు, అడుగు, ఏదో ఒకటి అడుగు అని కనుగుడ్లు పైకి తిప్పాను. చూడలేదు. మళ్ళీ పైకి. మళ్ళీ. కళ్ళు నొప్పి పుట్టేదాకా పైకే చూస్తూ ఉన్నాను.

వెళ్ళబోతూ ఒకసారి చూశాడు. "ఏం కావల్ల? సిస్టర్ను పిలవల్లనా?"

కిందికి.

"నొప్పా?"

కిందికి. మళ్ళీ పైకి.

చాలాసేపు అర్థం కాలేదు ఆయనకు. అర్థమయ్యాక నా మొహం మీదికి వంగాడు. "తలకోనా?" అన్నాడు చివరికి.

పైకి చూశాను. ఆయన మంచం కడ్డీ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నా కన్నీళ్ళు ఆయనే తుడిచాడు.

న్యుమోనియా తగ్గడానికి వారాలు పట్టింది. ఒక పొద్దున కుడిచేతి బొటనవేలు కదిలింది. ఈ జబ్బు పోయేటప్పుడు పైనుంచి కిందికి పోతుందని డాక్టరు చెప్పాడు. ముందు భుజాలు, తర్వాత చేతులు, అన్నిటికంటే ఆఖరున పాదాలు. వెంటిలేటర్ మీదనుంచి తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, నెమ్మదిగా మాన్పించారు. ఒకరోజు ట్రకియాస్టమీ ట్యూబ్ నోటిని వేలితో మూసి, మాట్లాడి చూడమంది సిస్టర్. మా ఆయన అప్పుడే క్యారియరు గురించి మొదలుపెట్టాడు.

"చిత్రాన్నం వద్దంటే వినవే నువ్వు" అన్నాను. బొంగురు గొంతు, పక్క మంచానికి కూడా వినపడని గొంతు. అయినా నాదే.

మా అత్త ఆ రోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "నా చేతులతోనే నీకు ఆలస్యం చేసినాను తల్లీ" అంది. డాక్టరును అడిగాను. "నూనె వల్ల ఏ నష్టమూ లేదు. నూనె రాస్తూ పోయిన రోజుల వల్లే నష్టం. ముందే వస్తే ఇంత దూరం పాకేది కాదేమో" అన్నాడు. ఆమె తప్పు అయితే నాదీ తప్పే. నాకు ఆదివారం మీదే ధ్యాస.

ఇంటికి వచ్చాక ఏడాది పైగా ఫిజియోథెరపీ. కూర్చోవడం, పొర్లడం, నిలబడటం, అన్నీ కొత్తగా నేర్చుకున్నాను. ఒకసారి వీపు కింద పుండు పడి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. చాలాసార్లు నావల్ల కాదని గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇప్పటికీ పాదాలు పైకి లేవవు. షూలో పాదాన్ని పైకి పట్టి ఉంచే స్ప్లింట్ పెట్టుకుని నడుస్తాను. స్కూల్లో కుర్చీలో కూర్చుని పాఠం చెబుతాను, గొంతు ఒక గది దాటదు.

నడక వచ్చాక ఒక ఆదివారం ముగ్గురం తలకోనకు వెళ్ళాం. అక్కడి శివుడి గుడి దగ్గర వ్యాను ఆపి, మా ఆయన భుజం పట్టుకుని, ఏటి పక్క దారిలో నడిచాను. రాయి ఎక్కడ జారుతుందో పాదాలకు తెలియదు కాబట్టి ప్రతి అడుగూ కళ్ళతో చూసి వేశాను. చెట్ల అవతల జలపాతం మోత వినపడుతున్నచోట నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఎత్తుకొని పోతా, రా" అన్నాడు.

"నువ్వెత్తుకొని పోతే నువ్వు పోయినట్టు. నేను పోయినట్టు యాడవుతుంది?" అన్నాను. అక్కడే బండ మీద కూర్చున్నాం. మా అత్త నా స్ప్లింట్లు విప్పి కాళ్ళు ఏట్లో పెట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగింది. పిక్కల దగ్గర చల్లగా ఉన్నాయి, కింద తెలియడం లేదు అన్నాను. నిజమే చెప్పాను. పులిహోర తిని చీకటి పడకముందే ఇల్లు చేరాం. జలపాతం నేను ఇంకా చూడలేదు. వానలు పడగానే ప్లాను మళ్ళీ మొదలవుతుంది మా ఇంట్లో.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒకటే, అది మా అత్త చేసేదే. ఇప్పుడు మా వీధిలో ఎవరు కొండెక్కి వచ్చి కాళ్ళు పట్టుకున్నాయన్నా, ఆమె నూనె గిన్నె తీసే ముందు వాళ్ళను నడివాకిట్లో నిలబెడుతుంది. "గొంతుకూర్చోని, యాడా పట్టుకోకుండా లెయ్యి సూద్దాం" అంటుంది. వాళ్ళు నొప్పికి అబ్బా అంటూ లేస్తే నూనె రాస్తుంది. నొప్పి ఉన్నా లేకపోయినా లేవలేకపోతే ఆటో పిలుస్తుంది. మీరూ ముందు కూర్చోబెట్టి, లేవమని చూడండి.